దుప్పటి కింద కాలివేళ్ళు

అవారువా,
జూలై 21, మంగళవారం

చెల్లి తువాయినెకి,

కియా ఒరానా. ఆక్లాండ్ చలిలో నువ్వూ పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ అందరం కులాసా.

ఈ ఉదయం తొమ్మిదింటికి నీ ఫొటోని మన కుట్టుసంఘం తివైవై దుప్పట్ల ఆన్‌లైన్ గ్యాలరీలో తిరిగి పెట్టాను. దాని మీద ఉన్న ‘దొంగిలించిన చిత్రం’ ముద్ర తీసేశాను. ఆ ముద్ర వేసినదాన్ని నేనే కాబట్టి క్షమాపణ కూడా నా పేరు మీదే పెట్టాను.

నిన్ను దొంగ అన్న సంఘం ముఖం చూడనని, ఆగస్టు ప్రదర్శనకి రానని, టికెట్ రద్దు చేస్తానని రాశావు. రద్దు చేసే ముందు ఇది చివరిదాకా చదువు.

ఈ నెల మొదటి వారంలో నీ సీమపనస ఆకుల దుప్పటి ఫొటో వచ్చింది. కింద ‘మా అమ్మ అకైతి కోసి, కుట్టినది’ అని రాశావు. తెపాయెరు పెద్దమ్మ రెండేళ్ళ కిందట పెట్టిన ఫొటోతో అది అచ్చంగా సరిపోతోందని గ్యాలరీ యంత్రం చెప్పింది. రెండింటిలోనూ ప్రతి మూలా ఆకు ఒకటి చివర మొద్దుగా ఉంది. ముందు తీసెయ్యి, తర్వాత అడుగు అన్నది మా నియమం. తీసేశాను. ఆ వారం కాలెండర్ బొమ్మని తన కుట్టుపనేనని ఒకావిడ పెట్టింది, మూలన తేదీలు కూడా కనబడుతున్నాయి. బొటనవేలు అడ్డొచ్చినవీ, మసకబారినవీ బోలెడు. ఒకదాంట్లో దుప్పటి కంటే దానిమీద పడుకున్న పందే స్పష్టంగా ఉంది. ఆ ఊపులో నీదీ పోయింది.

నీ ఉత్తరం అందాక రెండు ఫొటోలూ పెద్దవి చేసి పక్కపక్కన పెట్టాను. మన పద్ధతి తెలుసుగా, వెనక ఇద్దరు నిలబడి దుప్పటి ఎత్తిపడతారు, కింద కాళ్ళు మాత్రం కనబడతాయి. పెద్దమ్మ ఫొటోలో మట్టి అంటిన కాలివేళ్ళు. నీ ఫొటోలో ఊలు మేజోళ్ళు. కాజేసిన ఫొటోకి మేజోళ్ళు తొడిగే దొంగ ఎవరూ ఉండరు. అంటే దుప్పట్లే రెండు.

శుక్రవారం పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. కొబ్బరి కోరుతోంది. “రావే పోలీసమ్మా, ఇవాళ నా వంతా?” అంది. విషయం చెబితే పగలబడి నవ్వింది. “రెండు గుడ్డలు ఒకదానిమీద ఒకటి వేసి, మడిచి, ఒక్క కోతలో కోసినవే అవి. ఒకటి నాకు, ఒకటి అకైతికి. కవలల్లో రెండోదాన్ని దొంగపిల్ల అంటావుటే?” అంది. మన దుప్పటికి పేరు కోసినవాళ్ళదే కదా, కోసిందెవరని అడిగితే, “అది మీ పిన్నినే అడుగు” అని కొబ్బరి వైపు తిరిగింది.

పిన్నిని అడిగాను. “ఫొటో పోతే పోయింది, గొడవెందుకు, టీ తాగు” అంది. కన్నకూతుర్ని దొంగ అంటుంటే టీ తాగమనే తల్లిని ముప్పై ఏళ్ళ పత్రికా ఉద్యోగంలో చూడలేదు. టీ తాగాను. ప్రశ్న దాచుకున్నాను.

నిన్న సంఘం కూర్చుంది. కోత ఒకటైనంత మాత్రాన ఫొటో ఒకటి కాదని తీర్మానించారు. ఇకమీదట ముందు కాళ్ళు చూడాలని అధ్యక్షురాలు అంటే, అయితే అందరూ గోళ్ళు కత్తిరించుకోండని వెనకనుంచి ఎవరో అరిచారు. నీకు క్షమాపణ చెప్పాలని ఒక్క గొంతుతో అన్నారు. అందులో మీ అమ్మ గొంతు వినబడలేదు.

టికెట్ అలాగే ఉంచు.

ప్రేమతో,
అక్క తెరెఆపి

తా.క. సంతకం పెట్టి లేచేసరికి పిన్ని గుమ్మంలో ఉంది. కూర్చోకుండానే మొదలుపెట్టింది. “నేను కోయలేదే. కుట్టాను, అంతే. కోసింది తెపాయెరు. గుడ్డ పట్టుకుని దాన్ని నవ్వించాను, కత్తెర జారింది, ఆకు మొద్దయింది. తువాయినె పెళ్ళిలో దుప్పటి చూసి అందరూ నువ్వే కోశావా అంటే తల ఊపాను. ఊపిన తల ఇన్నేళ్ళూ ఆగలేదు. దానికి చెప్పడానికి నాకు నోరు రాదు, నువ్వే రాసెయ్” అంది.

స్కూటర్ మీద ఎక్కించుకుని పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. నీ ఫొటో కింది మాట ఆమె మొదటిరోజే చదివిందట, ఎవరితోనూ అనలేదు. “చెప్పిందా చివరికి! అయితే ఈసారి అకైతే కోస్తుంది. గుడ్డ నేను పట్టుకుంటా, నవ్వించేదీ నేనే” అంది. పిన్ని మళ్ళీ తల ఊపింది.

ఫొటో కింద పేరు నేను మార్చలేదు. అది నువ్వు రాసింది, నువ్వే దిద్దు. కోత ఆగస్టు 1, శనివారం ఉదయం తొమ్మిదింటికి, చర్చి హాల్లో. అక్కడ శుక్రవారం విమానం ఎక్కితే, మధ్యలో తేదీ రేఖ దాటి ఇక్కడ గురువారమే దిగుతావు, కాబట్టి ఆలస్యమైందన్న సాకు చెల్లదు. గుడ్డలు రెండూ నువ్వే తేవాలట. ఒకటి ఎరుపు, ఇంకోటీ ఎరుపే.