నిటారుగా ఉంటేనే మనిషి

మార్చి 3

మెడలో వేసుకునే ఈ ట్యాగ్ తాడుని కనిపెట్టినవాడెవడో దొరికితే వాడి మెడకే చుట్టి వీధంతా తిప్పాలి. ఎన్నిసార్లు సరిచేసినా తిరగబడుతుంది. నా ఫోటో లోపలికి, తెల్లటి వెనకవైపు బయటికి. గేటు దగ్గర వాచ్‌మన్ రోజూ ముఖం చూపించమంటాడు. అసలు ముఖం మెడ మీదే ఉంది కదరా, చూసుకో అంటే, అది కాదు పెద్దాయనా, అట్ట మీది ముఖం కావాలంటాడు.

మా ఆవిడ చూసీ చూసీ విసుగొచ్చి, తన జాకెట్టుకున్న పిన్నీసు తీసి ట్యాగ్‌ని నా చొక్కాకి గుచ్చింది. ఇక తిరగబడదు పో అంది.

బతుకంతా లారీ తోలా. ఎవడూ ముఖం అడగలేదు. ఇప్పుడు బండి తోలకుండా కూర్చోడానికి అడుగుతున్నారు. ఉద్యోగం పేరు సేఫ్టీ డ్రైవర్. బండి తనే పోతుంది, స్టీరింగ్ తనే తిరుగుతుంది. నేను చేతులు దాని చుట్టూ గాల్లో పెట్టుకుని, పాలు పొంగుతాయేమోనని పొయ్యి దగ్గర నిలబడ్డవాడిలా కూర్చోవాలి. కాలు బ్రేకు మీద ఆనించకూడదంట, పైన ఎత్తి పెట్టుకోవాలంట. సాయంత్రానికి తొడ రాయైపోతోంది. పని చెయ్యకపోవడం ఇంత కష్టమని తెలిస్తే మా మామగారిని అన్నన్ని మాటలు అనకపోదును.

మార్చి 5

కవరు ఎగిరితే బ్రేకు. పావురం వాలితే బ్రేకు. చెట్టు నీడ ఊగితే బ్రేకు. కొత్త కోడలు కూడా అత్తని చూసి ఇంత ఉలిక్కిపడదు.

నా పక్క సీట్లో లాప్‌టాప్ పిల్ల కూర్చుంటుంది. ఇంజనీరు. నన్ను తాతగారూ అంటుంది. బండి కళ్ళకి ఏం కనబడుతోందో ఆ పిల్ల స్క్రీన్ మీద కనబడుతుంది. మనిషైతే నీలం డబ్బా, బండైతే పచ్చ డబ్బా. ఇవాళ కుదుపులకి తట్టుకోలేక సంచీలోంచి కవరు తీసి అందులో కక్కుకుంది. బండి చూస్తుంది, ఆ కవరు దాచమ్మాయ్, మళ్ళీ బ్రేకేస్తుంది అన్నా. నవ్వింది, నవ్వుతూ మళ్ళీ కక్కుకుంది.

మా పైఆయన్ని నేను ఇస్త్రీ సార్ అంటా, ఆయన లేనప్పుడు. మడత నలగదు, నవ్వూ రాదు. పెద్దాఫీసు నుంచి వచ్చినాయన బండెక్కితే కాఫీ ఒలికి, సరిగ్గా ఇస్త్రీ సార్ ప్యాంటు మీదే పడిందంట. ఇంక కుదుపన్నది ఉండకూడదని ఆర్డరేశాడు. పనిలో పని, నా ట్యాగ్ వంకరగా ఉందని నన్నూ తిట్టాడు. ఆయన ట్యాగ్ మాత్రం ఎప్పుడూ కోటుతో సహా కుర్చీకే వేలాడుతుంటుంది. పాము కుబుసం వదిలిపోయినట్టు. రాత్రిళ్ళు కూడా అక్కడే.

మార్చి 9

కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. బండి కవరు మీంచి వెన్నలా పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టా, వెధవని.

మార్చి 10

రోత పుడుతోంది. రాయకపోతే అన్నం దిగేట్టు లేదు.

పొద్దున మలుపు తిరగ్గానే రోడ్డు ఊడ్చే ఆవిడ. మా వైపు వీపు పెట్టి, సగానికి వంగి, చీపురుతో ఆకులు పోగేస్తోంది. ఇంకా దూరముంది, ఆగుతుందిలే అనుకున్నా. ఆగలా. తగ్గనూ లేదు. కవరు మీదకి ఎలా పోయిందో అలాగే హాయిగా పోతోంది. నేను బ్రేకు మీద నిలబడ్డా. బండి కీచుమని ఆగింది. ఆవిడ నడుం పట్టుకుని లేచి, వెనక్కి తిరిగి, నన్ను నానా బూతులూ తిట్టింది. నన్నే. స్టీరింగ్ ముందున్నది నేనే కదా.

పిల్ల స్క్రీన్ చూసి తెల్లబోయింది. ఆవిడ చుట్టూ నీలం డబ్బా లేదు. బూడిదరంగు డబ్బా. పైన ఏదో ఇంగ్లీషు ముక్క. నా చదువుకి అందదు, ఏంటమ్మా అది అనడిగా. డెబ్రీ అంది. అంటే? లాప్‌టాప్ మూత సగం దించింది. తర్వాత, చెత్త తాతగారూ అంది.

కుదుపు పోవాలని, పొట్టిగా, మెత్తగా, నేలకి దగ్గరగా ఉన్నవన్నీ చెత్త కింద లెక్కేసి ఆగకుండా పొమ్మని నేర్పారంట. వంగిన మనిషి పొట్టే. చీర మెత్తనే.

ఇస్త్రీ సార్‌కి చెప్తే కంప్యూటర్‌లో చూశాడు. నా బ్రేకుకి కారణం ఏం రాయించాడో తెలుసా? డ్రైవర్ తొందరపాటు. నేను ఆ గదిలోనే ఉన్నా. ముఖం మీదే రాయించాడు.

మార్చి 10, సాయంత్రం

మా ఆవిడకి చెప్పా. ఆవిడకీ నడుం వంగిపోయి కొన్నేళ్ళైంది, ఎముకలు అరిగాయన్నారు. ఇంట్లో ఏది కింద పడినా ముందు ఆవిడకే దొరుకుతుంది, అందుకే దేవుడు వంచాడని వెక్కిరిస్తుంటా. ఇవాళ బియ్యంలో రాళ్ళేరుతూ అంతా విని, ఆ బండి నీ దగ్గరే నేర్చుకుందేమో, నువ్వూ నన్ను కింద పడ్డ సామానుతోనే కదయ్యా జమకడతావు అంది.

ఎప్పుడూ లేనిది, నాకు నవ్వు రాలేదు. పాలకొట్టుకి రోజూ పొద్దున్నే వెళ్ళేది ఆవిడే. మా వీధి ఈ బండ్లు తిరిగే రూట్‌లోనే ఉంది.

మార్చి 13

బావమరిది గురించి రాయాలి. మా ఆవిడ తమ్ముడు. ఇదే కంపెనీలో ఇంకో బండి మీద ఉన్నాడు, బతిమాలి చేర్పించింది నేనే. వాడికి ఇవాళ కంపెనీ ఒక కప్పు ఇచ్చింది, మీద బండి బొమ్మ ఉంది. నెలంతా ఒక్కసారి కూడా బ్రేకు ముట్టని ఉత్తమ డ్రైవరంట. ఇస్త్రీ సార్ వాడి వీపు తట్టి, ఈయన్ని చూసి నేర్చుకో అని నాతో అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ మోచెయ్యి గీరుకుపోయి ఉంది. అడిగితే గుమ్మం తగిలిందంది. గుమ్మం అంత కింద ఎక్కడుందే అంటే అప్పుడు చెప్పింది. పొద్దున పాలు తీసుకుని వంగి వస్తుంటే, చేతిలో వేలాడుతున్న సంచిని మా కంపెనీ బండి చక్రం తొక్కుకుంటూ పోయిందంట. సంచి వదిలేసింది కాబట్టి సరిపోయింది. ఆగలేదు. కింద పడి తలెత్తి చూస్తే లోపల తమ్ముడు. నోరు తెరుచుకుని నిద్ర.

రాత్రి వాడు అక్కకి చూపించడానికి కప్పు పట్టుకొచ్చాడు. ఈవిడ కప్పు అందుకుని కడిగింది. ఆ కప్పులోనే టీ పోసిచ్చింది. నల్లగా ఉంది. పాలేవే అక్కా అన్నాడు. నీ బండి తాగేసిందిరా అంది. మోచెయ్యి చూపించింది.

వాడి ముఖం మాడిపోయింది. కప్పు కింద పెట్టి కాళ్ళు పట్టుకోబోయాడు. లే, వంగకు, నిన్నూ చెత్తనుకుంటారు అంది. రేపు ఇస్త్రీ సార్ దగ్గరికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పరా అన్నా. చెప్తే నిద్రపోయానని కూడా చెప్పాలి కదా బావా, ఉద్యోగం ఉంటుందా అన్నాడు. చెంప పగలగొట్టొచ్చు గానీ వాడు ఏడుస్తున్నాడు.

మార్చి 16

లాప్‌టాప్ పిల్ల మంచిది. నా మాట నమ్మింది. సెలవు రోజైనా బండి తీసుకుని మా వీధికొచ్చింది. ఆగి ఉన్న బండి ముందు మా ఆవిడని ఊరికే అటూ ఇటూ నడిపించి, స్క్రీన్‌లో బూడిదరంగు డబ్బా పడితే ఆ వీడియో పెద్దాఫీసుకి పంపిద్దామంది.

అంతా బాగానే ఉంది. వీడియో అన్న మాట మా ఆవిడ చెవినపడటమే తప్పైంది. లోపలికెళ్ళి మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని, ముఖానికి పౌడరు కొట్టుకుని వచ్చింది. బండి ముందు ప్రహరీగోడ పట్టుకుని, పళ్ళు బిగపట్టి, నిటారుగా నిలబడింది. ఇన్నేళ్ళుగా ఆవిడ ముఖం నా ముఖం దాకా రావడం నేనెరగను. పెళ్ళిచూపులప్పుడు కూడా తలొంచుకునే ఉంది.

స్క్రీన్ మీద నీలం డబ్బా. మనిషి.

వంగండి అమ్మమ్మగారూ అని పిల్ల బతిమాలింది. ఫోటోలో వంగుతారా ఎవరైనా, నీకేమన్నా పిచ్చా అంది. నేనూ చెప్పి చూశా. మీరిద్దరూ కలిసి నన్ను నలుగురికీ గూనిదాన్నని చూపిస్తారా అని లోపలికెళ్ళి తలుపేసుకుంది. మంచం మీద పడుకుని మూలుగుతోంది. ఆ నడుం నొప్పి ఎన్నాళ్ళకి తగ్గుతుందో.

మార్చి 17

వేరే ఏమీ దొరక్క పిల్ల ఆ వీడియోనే ఇస్త్రీ సార్‌కి చూపించి ఏదో సర్దిచెప్పబోయింది. ఆయన పొంగిపోయాడు. చూశారా, ముసలావిడని బండి ఎంత బాగా గుర్తుపట్టిందో అన్నాడు. ఇరవై ఒకటిన పెద్దాఫీసు వాళ్ళు వస్తున్నారంట, ఆ వీడియో వాళ్ళకీ చూపిస్తాడంట. బండ్లు పెట్టే మా యార్డులో కట్టిన ఉత్తుత్తి వీధిలో వాళ్ళని బండిలో తిప్పుతారు. వాళ్ళు సరేనంటే వచ్చే నెల నుంచి డ్రైవర్ సీటు ఖాళీ. మేం ఇళ్ళకి, బండ్లు వీధుల్లోకి.

ఉద్యోగం పోతే పోనీ, ఈ చేతులు గాల్లో పెట్టుకునే బతుకూ ఒక బతుకేనా. కానీ ఇప్పుడు కనీసం నిద్రపోవడానికైనా ఒక బావమరిది ఉన్నాడు. రేపు వాడూ ఉండడు. పాలకి నేనెళ్తానే అంటే, నా నడుం వంగింది గానీ కాళ్ళు పోలేదంది మా ఆవిడ. ఆవిడ సంగతి నేను చూసుకున్నా, ఆ ఊడ్చేవాళ్ళు? వాళ్ళని ఇంట్లో కూర్చోమని ఎవడు చెప్తాడు?

ఆ యార్డు వీధిలో నిలబెట్టే రబ్బరు బొమ్మలు చూశా. మోకాళ్ళకీ నడుముకీ కీళ్ళున్నాయి. ఒక్కటి కూడా వంగి లేదు. అన్నీ సిపాయిల్లా నిలబడ్డాయి. ఎవడి కోసం పెట్టారో ఈ కీళ్ళు.

మార్చి 20

మా ఆవిడని పిన్నీసు అడిగా. ముందిచ్చింది ఏం చేశావంది. పోయిందన్నా. నీకు ఇంకేం పోలేదు కాబట్టి సరిపోయింది అని ఇంకోటి ఇచ్చింది.

మార్చి 21

ఇస్త్రీ సార్ కొత్త కోటులో దిగాడు. పెద్దాఫీసు నుంచి వచ్చినాయన్నీ, ఇస్త్రీ సార్‌నీ వెనక సీట్లో సర్దుకుని, పక్కన పిల్లని కూర్చోబెట్టుకున్నా. సరదాగా అన్నట్టు, ఇస్త్రీ సార్ నాతో, పెద్దాయనా, ఇవాళ చేతులు ఒళ్ళో పెట్టుకో, కాళ్ళు కూడా వెనక్కి లాక్కో, అసలు నువ్వు లేవనుకో అన్నాడు. చిత్తం అన్నా.

బండి బాగా పోయింది. మొదటి బొమ్మ దగ్గర ఆగింది, నీలం డబ్బా. రెండో బొమ్మ దగ్గరా ఆగింది. కుదుపు లేదు. వెనకాయన కాఫీ తాగుతున్నాడు, ఒలకలేదు. ఇస్త్రీ సార్ మా ఆవిడ వీడియో గురించి చెప్తున్నాడు.

మలుపు తిరిగాం. రోడ్డు మధ్యలో ఇంకో బొమ్మ. నడుం దగ్గర వంగి ఉంది, చేతిలో చీపురు. ఒంటి మీద కోటు.

పిల్ల నా వైపు చూసింది. నేను ఒళ్ళో నా చేతులు చూసుకుంటున్నా. ఆగుతుంది, ఆగుతుంది అని ఇస్త్రీ సార్ అంటున్నాడు, ఆగలా. ఎక్కేసింది. మెత్తగా దబ్ మన్న చప్పుడు. తర్వాత బండి కింద ఏదో ఈడ్చుకుపోతున్న చప్పుడు. బొమ్మేనని తెలుసు. అయినా ఆ ఊడ్చే ఆవిడ తిట్లు, మా ఆవిడ మోచెయ్యి ఒక్కసారి గుర్తొచ్చాయి. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బండి మాత్రం ఏమీ జరగనట్టు తర్వాతి మలుపుకి సిగ్నల్ కూడా వేసింది. అప్పుడు ఆపా.

అందరం దిగాం. పెద్దాఫీసాయన మోకాళ్ళ మీద కూర్చుని చక్రం కిందకి చూశాడు. కోటుకి ట్యాగ్ పిన్నీసుతో గుచ్చి ఉంది, ముఖం బయటికి. దుమ్ము తుడిచి ఫోటో చూశాడు. లేచి ఇస్త్రీ సార్ ముఖం చూశాడు. తర్వాత బండిలోకి వంగి స్క్రీన్ చూశాడు. బూడిదరంగు డబ్బా ఇంకా ఉంది, పైన ఆ ఇంగ్లీషు ముక్క. ఆయనకి ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు.

ఇది మీరేనా అని మాత్రం అడిగాడు. ఇస్త్రీ సార్ అవుననాలా కాదనాలా తెలియక టై సరిచేసుకున్నాడు.

మార్చి 22

సీటు ఖాళీ అవ్వదు. వంగినవాళ్ళూ, కూర్చున్నవాళ్ళూ, పడినవాళ్ళూ అందరూ మనుషులేనని బండికి నేర్పేదాకా యార్డు దాటనివ్వద్దని పైనుంచి మాట వచ్చింది. వాళ్ళకి ముందు ఎవరు నేర్పాలో మరి. బొమ్మలన్నిటినీ రకరకాలుగా వంచుతున్నారు. ఇస్త్రీ సార్ పాత కోటు మీద చక్రం గుర్తు పడింది. ఏ ఇస్త్రీకీ పోదు.

బావమరిది పొద్దున్నే రెండు పాల ప్యాకెట్లు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. తొక్కింది ఒకటే కదరా అని మా ఆవిడ ఒకటే తీసుకుంది.

బొమ్మని వంచిందెవరో పట్టుకోవాలని ఇస్త్రీ సార్ ఊగిపోతున్నాడు. నిన్న పొద్దున యార్డులో చార్జింగుకి పెట్టిన బండి ఒకటి ఉందంట, దాని కళ్ళు తెరిచే ఉన్నాయంట, వీడియో మొత్తం ఉందంట. అందులో మనిషెక్కడ కనబడ్డాడో వెతికి తియ్యమని పిల్లకి చెప్పాడు.

మార్చి 24

పిల్ల వెతికిందంట. మనిషెవరూ లేరని రిపోర్టు ఇచ్చిందంట. వెళ్తూ వెళ్తూ, నడుం ఎలా ఉంది తాతగారూ అనడిగి నవ్వింది.

నేనే. ఆ బొమ్మకి కోటు తొడిగి పిన్నీసు గుచ్చడానికి వంగే ఉన్నా కదా అంతసేపూ. ఆ బండి నన్నూ చెత్త కింద రాసుకుంది.