గడ్డి కింది గొయ్యి

నాన్నగారికి చిన్నమ్మాయి నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీరూ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఇక గచ్చు పనులకు వెళ్ళొద్దంటే వినరు కదా.

"కంప్యూటర్లో కొండలు కడుతున్నానంటావు, మట్టి ఎక్కడిదే?" అని పోయిన ఉత్తరంలో అడిగారు. మట్టీ లేదు, తట్టా లేదు. వీడియో గేమ్‌లో మనుషులు తిరిగే నేలను తయారు చేయడం నా పని. తెర మీద చదునైన నేల ఉంటుంది. మౌస్ నొక్కి రుద్దితే గుట్ట లేస్తుంది, ఇంకో మీట నొక్కి రుద్దితే లోయ దిగుతుంది. మీరు నలభై ఏళ్ళు నేల చదును చేశారు. నేను చదునుగా ఉన్నదాన్ని పాడుచేసి జీతం తీసుకుంటున్నాను. నవ్వుకోండి.

నాకు మాత్రం మూడు రోజులుగా నవ్వు రావడం లేదు. గేమ్ రేపు విడుదల. కొండ దారిలో ఒకచోట అడుగు పెట్టినవాడు పెట్టినట్టే నేలలోంచి జారి పడిపోతున్నాడు. పైన పచ్చటి గడ్డి, కింద ఏమీ లేదు. గడ్డీ బండలూ పరిచేది నా పక్క సీటాయన. మనిషి పొడుగు, మాట పొట్టి. ఆఫీసంతా ఆయన్ని పొడుగాయన అంటాం. తప్పు ఆయనదేనని మా మేనేజరమ్మ తేల్చేసింది. "పదకొండింటికి నా గదికి రండి. ఇలా పనిచేసేవాళ్ళతో నాకు కుదరదు" అంది. ఆయన సరేనని తలూపాడు. ఇప్పుడు పది దాటింది. క్యాంటీన్‌లో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు గజిబిజిగా ఉంటే తిట్టుకోకండి.

ఆ గొయ్యి నాది నాన్నా. అక్కడ గుహ పెడదామని నేలకు చిల్లు పెట్టాను. తర్వాత గుహ వద్దన్నారు. పూడ్చడానికి బద్ధకించి, రేపు చూద్దాంలే అని, ఆయన తయారుచేసిన గడ్డినే పైన పరిచేశాను. ఎంత బాగా కుదిరిందంటే, పూడ్చాలన్న సంగతే మరిచిపోయాను. గుర్తొచ్చేసరికి అందరూ ఆయన వైపు చూస్తున్నారు. ఈ నెలాఖరుకు నా ఉద్యోగం పర్మనెంటు కావాలి. నా తెర వైపు తిరిగి పని చేసుకుంటున్నట్టు నటించాను.

ఇక్కడిదాకా పొద్దున రాశాను. ఇప్పుడు మూడైంది.

చెప్పేశాను. ఆయన లోపలికి వెళ్తుంటే వెనకాలే దూరి, "మేడమ్, ఆ చిల్లు పెట్టింది నేను" అన్నాను. ఆవిడ నన్ను కడిగిపారేసింది. పర్మనెంటు ఆర్నెల్లు వెనక్కి పోయింది. గొయ్యి పూడ్చడానికి రెండు నిమిషాలు పట్టింది.

బయటికొచ్చాక ఆయన్ని క్షమించమని అడగబోయాను. ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. ఏ నేలను ఎవరు, ఎప్పుడు కదిపారో మా కంప్యూటర్లలో నమోదవుతుంది. కాగితం మీద ఆ గొయ్యి తవ్విన తేదీ, సమయం, పక్కన నా పేరు.

"మొదటి రోజే చూశానమ్మా. మీరే చెబుతారని ఆగాను. ఇంకో నిమిషం చూసి, ఇది ఆవిడ బల్ల మీద పెట్టేవాణ్ణి" అన్నాడు.

నిజం చెప్పానని మురిసిపోకండి నాన్నా. నాకు ఆ ఒక్క నిమిషమే మిగిలింది. కాగితం ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను, మీ దగ్గరే ఉంచండి. నా దగ్గరుంటే చించేస్తాను.

ఇట్లు,
మీ చిన్నమ్మాయి