తిరిగి ఇచ్చే బండి

హైదరాబాద్,
సోమవారం

అబ్బాకు,

ఉత్తరం చూసి గాబరా పడకండి, నేను బాగానే ఉన్నాను. ఫోన్ చేస్తే మీకు వినపడదు. గనిలో అన్నేళ్లు డ్రిల్లు మోత విన్న చెవులు మరి. చెల్లెలు బుష్రా పక్కన నిలబడి నా ప్రతి మాటా మీ చెవిలో అరిచి చెప్తుంది. ఇప్పుడు రాయబోయేది దాని చేత అరిపించే మాట కాదు.

మా ఆఫీసులో నాకు పై ఉద్యోగం ఇచ్చారు కదా, దాంతోపాటు కారు లీజుకు తీసుకునే వీలు కూడా వచ్చింది. అంటే కొనడం కాదు. నెలనెలా కిరాయి నా జీతంలోంచి పోతుంది. నాలుగేళ్లు నడుపుకుని, ఆ తర్వాత బండి వాళ్లకు అప్పగించాలి. చిన్న ఎస్‌యూవీనే కానీ, చెప్పులు బయట విడిచి ఎక్కాలనిపించేంత సోకు. షోరూములన్నీ తిరిగాను. ఒకచోట వెనక సీటు ఇరుకు. ఇంకోచోట కిరాయి వింటేనే కళ్లు తిరిగాయి. చివరికి బూడిద రంగుది ఒకటి మనసుకు పట్టింది. తెల్లది బాగుంటుందని చాలా చెప్పారు గానీ, బొగ్గు ఊళ్లో పెరిగినదాన్ని, తెల్లది ఎట్లా తీసుకుంటాను?

బుష్రా ఈ సంగతి మీకు చెప్పినప్పుడు మీరు నవ్వుతూ అన్న మాట నాకు ఫోనులో వినపడింది. “నాలుగేండ్లు సాదుకొని మల్ల వాపసిచ్చుడేంది? గిదేం బేరం?” నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఏడుపు ఆగలేదు. ఎందుకో చెప్తాను.

అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. మీకేమో షిఫ్టులు. సెంటినరీ కాలనీలో మన పక్క క్వార్టరు సారవ్వ వచ్చి, మీ చేతుల్లోంచి నన్ను చంకనెత్తుకుని తన ఇంటికి తీసుకుపోయింది. ఆమె భర్త గట్టయ్య కాకది, మీది ఒకే గని. వాళ్లకు పిల్లలు లేరు. ఆరేళ్లు ఆమె దగ్గరే పెరిగాను. ఆ క్వార్టర్ల వరసలో పిల్లలందరూ తమ తల్లుల్ని పిలిచినట్టే నేనూ ఆమెను అవ్వా అనేదాన్ని. చలికాలం పొద్దుగూకితే వాకిట్లో కుంపటి రాజేసి, నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని నూనె రాసేది. రంజాన్ నెలలో నేనూ రోజా ఉంటానని మొండికేస్తే, తనూ మంచినీళ్లు ముట్టకుండా నాతోపాటు కూర్చునేది. అజాన్ వినపడగానే నా నోట్లో ఖర్జూరం పెట్టాకే తను గుక్కెడు నీళ్లు తాగేది. సాయంత్రమైతే కాలనీ అంతా బొగ్గు పొగ. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది అబ్బా.

తర్వాత మీరు జహీరా అమ్మీని చేసుకున్నారు. బెల్లంపల్లికి బదిలీ అయి నన్ను తీసుకుపోయారు. అమ్మీ నన్ను కడుపున పుట్టినదానిలాగే చూసింది, ఆ మాట ఎవరి ఎదుటైనా చెప్తాను. ఆమెతో దక్ఖనీలో మాట్లాడబోయి మధ్యలో తెలుగు కలిపేస్తే, పడీ పడీ నవ్వి ముద్దు పెట్టుకునేది. కానీ మన సామాను లారీ ఎక్కిన రోజు సారవ్వ బయటికి రాలేదు. అవ్వా, అవ్వా అని గొంతు పోయేదాకా పిలిచాను. తలుపు తెరుచుకోలేదు. గట్టయ్య కాక ఒక్కడే చెయ్యి ఊపాడు. ఇన్నేళ్లుగా పండగకు ఆమె దగ్గరికి పోతాను, తింటాను, వస్తాను. ఆ సంగతి మాత్రం అడగలేదు. పీడ వదిలిందనుకుందేమో అని భయం. ఆ భయం లోపల తొలుస్తూనే ఉంది.

వచ్చే శనివారం కారు బేరానికి ఆమెను రమ్మన్నాను. బేరం ఒక వంక. ఈసారి అడిగి తీరతాను. మీకు చెప్పకుండా అడగడం ఇష్టం లేక రాస్తున్నాను.

మీ షిరీన్

*

హైదరాబాద్,
ఆదివారం

అబ్బా,

ఇది చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకోండి.

సారవ్వ నిన్న పొద్దున రైలు దిగింది, చేతిలో సకినాల డబ్బా. షోరూము నేల మెరుపు చూసి చెప్పులు గుమ్మం దగ్గరే విడవబోతే నేనే ఆపాను. మేనేజరు కాఫీ తెప్పించి, “మీ అమ్మగారా?” అని అడిగాడు. అవునని నేను నోరు తెరిచేలోపే ఆమె అనేసింది.

“కాదు కొడుకా, పక్కింటిదాన్ని.”

కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను.

ఆ తర్వాత బేరం మొదలుపెట్టింది. మీరు చూడాల్సింది అబ్బా! కిరాయి పైవాళ్లు పెట్టింది, రూపాయి కూడా తగ్గదన్నాడు మేనేజరు. ఆమె సరేనని లేచి, నా చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిచింది. గోదావరిఖని బట్టల దుకాణాల్లో చేసేదే. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. గుమ్మం దాటకముందే వెనక్కి పిలిచాడు. కిరాయి కాస్త దిగింది, సర్వీసు ఖర్చు వాళ్ల మీద పడింది. బండి అప్పగించేటప్పుడు చిన్న గీతలకు డబ్బు అడగబోమన్నాడు. చిన్నదంటే ఎంత, పెద్దదంటే ఎంత అని అక్కడున్న కారు మీద వేలితో గీయించి మరీ చూసింది. ఆ మనిషి ఓపికకు దండం పెట్టాలి.

అంతా అయిందనుకున్నాను. పెన్ను చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు ఆమె, “నాలుగేండ్లయినంక పిల్ల బండి ఇయ్యనంటే?” అని అడిగింది. ఇష్టముంటే కొనుక్కోవచ్చు, ధర సంగతి అప్పుడు మాట్లాడుకుందామని ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. “అప్పుడు కాదు కొడుకా, గిప్పుడే రాయాలె” అంది. అలా రాసే అలవాటు లేదని గొణుగుతూ, లీజు కంపెనీవాళ్లకు ఫోన్ చేయడానికి ఆయన లోపలికి పోయాడు.

ఇద్దరమే మిగిలాం. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది. ఆ రోజు బయటికి ఎందుకు రాలేదు అవ్వా అన్నాను.

“బయటికొస్తే నిన్ను ఇచ్చేదాన్నే కాదు బిడ్డా” అంది. “ఇయ్యననడానికి నాకేం హక్కున్నది? మీ నాయిన నిన్ను నా చేతుల పెట్టిననాడే అడగాల్సింది, పిల్ల నా దగ్గర్నే ఉంటదా అని. సిగ్గుపడ్డ. అడగకుండనే సాదుకున్న. గందుకే గీ పిలగాన్ని గింత సతాయిస్తున్న.”

నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఆమె కొంగుతో నా మొహం తుడుస్తూ, ఏడవకు, చూస్తే మళ్లీ కిరాయి పెంచుతారంది. ఏడుస్తూనే నవ్వాను. మేనేజరు ఒప్పుకుని వచ్చాడు. నాలుగేళ్ల తర్వాతి ధర ఇప్పుడే రాశారు, కొనే హక్కు మొదట నాదే. సంతకం పెట్టాను.

స్టేషనులో ఆమెను రైలెక్కిస్తూ, ఇకనుంచి ఎవరైనా అడిగితే నీ బిడ్డననే చెప్పమన్నాను. “మీ నాయిన ఉండంగ నేనెట్లంట?” అంది. అబ్బా, ఆమె ఇప్పటికీ మీ మాట కోసం ఆగి ఉంది. నేను మీ బిడ్డనే, అమ్మీ బిడ్డనే, అందులో తగ్గేదేమీ లేదు. సారవ్వకు కూడా బిడ్డనేనని మీ నోటితో ఆమెకు చెప్పండి. పై నెలలో బండి వస్తుంది. బెల్లంపల్లి వచ్చి మిమ్మల్ని ఎక్కించుకుని సెంటినరీ కాలనీ తీసుకుపోతాను. ఆ ఒక్క మాట చెప్పండి, ఇంకేమీ అడగను.

మీ షిరీన్

*

బెల్లంపల్లి,
శుక్రవారం

బేటా షిరీన్,

నీ రెండు ఉత్తరాలూ చదివాను. పై నెల దాకా ఆగబుద్ధి కాలేదు. నిన్న పొద్దున్నే బస్సెక్కి సెంటినరీ కాలనీ పోయాను. గట్టయ్య డ్యూటీలో ఉన్నాడు. సారవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కూర్చోమంది. కూర్చుంటే మళ్లీ నోరు రాదేమోనని నిలబడే చెప్పాను. “షిరీన్ నీ బిడ్డ గూడ, చెల్లే” అన్నాను. దారి పొడుగునా ఏవేవో అనుకున్నాను గానీ అంతకు మించి ఒక్క ముక్క రాలేదు.

ఆమె తలెత్తలేదు. చాటలో బియ్యం అయిపోయేదాకా చెరుగుతూనే ఉంది. తర్వాత అంది, “గీ మాట గప్పుడే అంటే నీ సొమ్మేం పోయేదన్నా?”

కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆమె లోపలికి పోయి అన్నం పెట్టింది. పచ్చిపులుసుతో తిన్నాను. నేను వద్దంటున్నా మళ్లీ వడ్డించింది. లేచి వస్తుంటే గేటు దాకా వచ్చి ఇంకో మాట అంది.

“బండి రాంగనే ముందుగాల ఈడికే తెమ్మను నా బిడ్డను.”

కాబట్టి నువ్వు బెల్లంపల్లి రాకు. నేను, మీ అమ్మీ, బుష్రా బస్సులో అక్కడికే వస్తాం.

మీ అబ్బా,
ఖైజర్