బ్రేక్ ప్యాడ్ల పెట్టెలు

మంగళవారం, జూలై 8

దుప్పట్లు రెండు ఉతికాను, మినుములు బాగుచేశాను, ఎల్‌ఎల్‌ఎం పాఠం ఇరవై పేజీలు చదివాను.

పోయిన వారం అంతర్జాతీయ మేధోహక్కుల క్లాసులో మేడం నకిలీ బ్రాండుకి ఉదాహరణ అడిగితే నోరు మెదపలేకపోయాను. ఆటోనగర్‌లో మా వారి కొట్టులో విదేశీ కంపెనీ పేరుతో ఉన్న బ్రేక్ ప్యాడ్లన్నీ నకిలీవే. ఇంటికొచ్చి, అవెందుకు అమ్ముతున్నారని ఆయన్ని అడిగేశాను.

"నీ చదువు నా కొట్టు మీదికే వచ్చిందేంటే!" అన్నారు.

"మన కారుకి అవే వేయిస్తారా అండీ?" అన్నాను.

ఆ నకిలీ సరుకంతా వెనక్కి పంపేశానని ఈ సాయంత్రం ఆయనే చెప్పారు. గిరాకీ తగ్గుతుందేమో... అయినా అసలు సరుకు పెడితే నిలదొక్కుకుంటామనే అనిపిస్తోంది.

"మన కొట్టు సంగతి మేడంకి రాయనా?" అన్నాను.

"రాయి. సరుకు వెనక్కి పంపేశామని కూడా రాయి."

రాసి పంపాను. మేడంకి జవాబు బాకీ తీరింది.