రవణమ్మక్క లెక్కలు

సెప్టెంబరు 5, శుక్రవారం

పొద్దున అమ్మ మూడు గ్లాసులు కడిగి బోర్లించింది. నాన్న డ్యూటీకి వెళ్ళిపోయారు. ఇంట్లో ఉన్నది ఇద్దరం. మూడోది రవణమ్మక్కకి. ఆమె ఇక్కడ, ఫహాహీల్‌లో, బస్సు దిగేది మధ్యాహ్నం రెండింటికి.

నేను లెక్కలకి కూర్చుంటానని ముందే గ్లాసు కడిగిపెట్టిన రోజు లేదు.

ఇవాళ కారణాంకాలు. ఒక్క x ఉన్నవి పోయిన వారంతో అయిపోయాయి. ఇప్పుడు x తోపాటు y కూడా. x² + 7xy + 12y². నేను మార్జిన్ గీసి, మధ్య పదాన్ని విడగొట్టి, ఒక్కో మెట్టూ రాస్తున్నాను. కాన్వెంట్‌లో ఒక్క మెట్టు వదిలినా సిస్టర్ మార్కు కోసేవారు. నేను రెండో వరుసలో ఉండగానే రవణమ్మక్క అంది — “మూడూ నాలుగూ గదమ్మా?”

గదమ్మా. అంతే. (x + 3y)(x + 4y).

అమ్మ బల్ల మీద చేత్తో కొట్టి నవ్వింది. “చూసేవా బుజ్జీ!”

చూశాను.

సెప్టెంబరు 7

ఆమె తొమ్మిదో తరగతితో ఆపేసింది. రాయచోటి పక్కన ఊరు. ఇక్కడ కువైట్‌లో, సబా అల్ సలేంలో ఒకరింట్లో వంట, ఇస్త్రీ, ముగ్గురు ఆడపిల్లల పని. ఆ ఇంటావిడని ‘మామా’ అంటుంది. శుక్రవారం ఒక్కపూట సెలవు. ఆ పూట మా ఇంట్లో, మా బల్ల దగ్గర, అమ్మకి కుడివైపు.

నేను పదేళ్ళు ఇంగ్లీషు మీడియం. అన్నిట్లో ఫస్ట్ క్లాసు. లెక్కలు రెండుసార్లు పోయాయి.

ఇద్దరం ఓపెన్ స్కూల్ టెన్త్ లెక్కలకి కట్టాం. ఇద్దరికీ మిగిలింది అదొక్కటే. పరీక్ష అక్టోబరు పద్నాలుగున. ఫారం నింపింది అమ్మే, ఇద్దరివీ.

ఆమెకి ఎందుకో కూడా తెలుసు. వాళ్ళ ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు ఈ ఏడాది చివర దిగిపోతుంది. ఆ పోస్టుకి టెన్త్ ఉండాలి. “ఈసారి పాసైతే పోయి నా బిడ్డకాడ ఉంటా పాపా. లేదంటే ఇఖామా, ఈడ ఉండే పర్మిట్టు, మళ్లా కట్టించుకోని రెండేండ్లు ఈడనే.” బిడ్డ ఏడో తరగతి.

నాకు ఎందుకు? అమ్మ ఒక్కసారి బల్ల కొట్టడానికి.

సెప్టెంబరు 9

ఇండియాలో, కాన్వెంట్ బోర్డింగులో నేను ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళూ అమ్మ ఈ బల్ల దగ్గరే ఎవరెవరి పిల్లలకో లెక్కలు చెప్పింది. బల్ల అంచున పెన్నుతో గీసిన పేర్లు ఉన్నాయి. వెతికాను. నాది లేదు.

సెప్టెంబరు 12, శుక్రవారం

6x² + xy − 15y².

మధ్య పదం ముందు అంకె లేకపోతే నా చెయ్యి ఆగిపోతుంది. ఒకటి అని తెలుసు. తెలిసీ ఆగుతుంది. తొంభైని విడగొట్టాలి. తేడా ఒకటి రావాలి. పదిహేనూ ఆరూ... పద్దెనిమిదీ ఐదూ... రవణమ్మక్క వెల్లుల్లి ఒలుస్తోంది. ఊరికే కూర్చోవడం చేతకాదు ఆమెకి. తలెత్తకుండానే — “పది, తొమ్మిది. పది కలుపు, తొమ్మిది తీసెయ్.”

(2x − 3y)(3x + 5y). పెన్ను కూడా ముట్టలేదు.

“ఎలా చేస్తున్నావ్ రవణా?” అని అమ్మ.

“ఇస్త్రీ చేస్తా చేస్తా చేసుకుంటానమ్మా. పనప్పుడు మామా ఫోన్ ముట్టనీదు. నువ్విచ్చిన లెక్కలు నోటికి పెట్టుకోని పోతా. ఒక దిష్‌దాషా ఇస్త్రీ అయ్యేలోపల ఒక లెక్క అయిపోవాల. మామా మొగుడికి వారానికి పద్నాలుగు.”

ఇద్దరూ ఒకటే నవ్వు. నేనింకా మూడో మెట్టు రాస్తున్నాను. నా నోట్‌బుక్కులోకి తొంగి చూసి — “అబ్బ, కాన్మెంటు పాప రాత ముత్యాలే. అయినా పాపా, నువ్వు ఆ మెట్లన్నీ ఎక్కేలోపల నేను మిద్దెక్కి వడియాలు పెట్టి దిగొస్తా.”

నవ్వాను. నవ్వకపోతే బాగుండదు.

తర్వాత అమ్మ ఆమెకి చెప్పింది — తను టెన్త్‌లో ఉన్నప్పుడు లెక్కల్లో నూటికి నూరు వస్తే తాతగారు అమలాపురం తీసుకెళ్ళి గడియారం కొనిపెట్టారట. నల్ల పట్టీ. నిద్రపోయేటప్పుడు కూడా తీసేది కాదట.

పందొమ్మిదేళ్ళుగా ఆవిడ కూతుర్ని. ఈ గడియారం సంగతి ఇవాళే విన్నాను, పక్కన కూర్చుని, వేరేవాళ్ళకి చెబుతుంటే.

సెప్టెంబరు 13

అమ్మ ఆమెని ‘మా రవణ’ అంటుంది. నేను ‘బుజ్జి’. ‘మా’ లేదు.

సెప్టెంబరు 15

మెట్లు లేకుండా మనసులో చేద్దామని చూశాను. అయిదిట్లో నాలుగు తప్పు. నా తల ఇస్త్రీ పెట్టె కాదు.

సెప్టెంబరు 19, శుక్రవారం

రాలేదు. మామా ఇంటికి చుట్టాలట, సెలవు లేదు. అమ్మ రెండున్నర దాకా బాల్కనీలో నిలబడింది. ఈ ఉక్కలో.

నాలుగింటికి ఫోటో వచ్చింది. అమ్మ మెసేజీలు చూడదు కాబట్టి నా ఫోన్‌కే పంపుతుంది. సూపర్‌మార్కెట్ బిల్లు వెనక సన్నగా నాలుగు లెక్కలు. కింద రవణమ్మక్క గొంతు — “పాపా, ఇట్ల వచ్చినాయి. కరెక్టేనా సూడు.” వెనకాల గిన్నెల చప్పుడు.

అమ్మ నిద్రపోతోంది. నేను బట్టలు మడతపెడుతున్నాను. సరిగా చూడలేదు.

‘కరెక్ట్’ అని పెట్టాను.

సెప్టెంబరు 21

ఫోటో వచ్చిన సంగతి అమ్మకి చెప్పలేదు. మర్చిపోయాను.

సెప్టెంబరు 26, శుక్రవారం

పరీక్ష పెట్టింది అమ్మ. పది త్రిపదులు, ముప్పావుగంట. రవణమ్మక్క ఇరవై నిమిషాల్లో ఇచ్చేసి వెళ్ళి టీ పెట్టింది. నేను ఆఖరి నిమిషం దాకా.

అమ్మ ఎర్ర పెన్ను తీసి ముందు ఆమెది దిద్దింది. మొదటిది తప్పు. రెండోది తప్పు. వరసగా. ఎక్కడా y లేదు. (x + 2)(x + 3) అని, (2x + 1)(x + 3) అని... అంకెలన్నీ సరే, y మాత్రం ఒక్కదాన్లోనూ లేదు.

పదికి సున్నా.

నాకు ఆరు.

“అదేంటి రవణా, మొన్నటిదాకా బాగానే చేసేదానివి కదా. y ఏమైపోయింది?”

రవణమ్మక్క కాయితం వైపు చూసింది. తర్వాత నా వైపు. ఒక్కసారే. “తొందర్లో మర్చిపోయినానమ్మా.”

అమ్మ నా కాయితం మీద ‘గుడ్’ అని రాసింది. పైన గీత, కింద గీత. ఎంత సంతోషం వేసిందో రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. ఆమెని లిఫ్ట్ దాకా దింపడానికి వెళ్ళినప్పటిదాకా ఉంది. లిఫ్ట్ తలుపు మూసుకుంటుంటే ఆమె తన కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంటోంది.

సెప్టెంబరు 27

పందొమ్మిదో తేదీ ఫోటో మళ్ళీ తీసి చూశాను. అందులోనూ y లేదు. నాలుగిట్లోనూ.

ఆ రోజు బట్టలు మడతపెడుతున్నాను.

అక్టోబరు 1

ఆమె గొంతు ఫోన్‌లో — “పాపా, ఈసారికి నాకొద్దులే. రాదు నాకు. ఊరికే అమ్మను సతాయించడం ఎందుకు. ఖలాస్. అమ్మకు నువ్వే నిదానంగా చెప్పు.”

నిదానంగా చెప్పాను. అమ్మ చపాతీ పిండి వదిలేసి కూర్చుండిపోయింది. “ఒక్క పరీక్షకేనా? ఆ పోస్టు పోతే మళ్ళీ వస్తుందేటి? నువ్వైనా చెప్పవే, నీ మాట వింటుంది.”

నా మాట వింటుంది.

అక్టోబరు 3, శుక్రవారం

అమ్మా నేనూ. బల్ల దగ్గర ఇద్దరమే. కుడివైపు కుర్చీలో నేను. నాకు కావలసింది ఇదే కదా.

“రవణ ఫోన్ ఏవైనా చేసిందేటి?” మూడుసార్లు.

x² − 2xy − 24y² కి (x + 6y)(x − 4y) అని రాసిచ్చాను. అమ్మ చూసి “సరే” అంది. సరే కాదు. గుర్తులు తిరగబడ్డాయి. గుణిస్తే మధ్యలో +2xy వస్తుంది. అమ్మ కళ్ళు తలుపు మీద ఉన్నాయి.

లేని మనిషి మీద కూడా కుళ్ళు పుడుతుందని తెలియదు.

అక్టోబరు 7, మంగళవారం

సబా అల్ సలేం వెళ్ళాను. ఒక్కదాన్నే, బస్సులో. ఆమె మా ఇంట్లో వదిలేసిన నోట్‌బుక్కు ఇద్దామని — అమ్మకి అలా చెప్పాను.

పక్క గేటు దగ్గరికి వచ్చింది. చేతులకి సబ్బు నురగ.

“అయ్యో పాపా! ఒంటిగా వచ్చినావా? అమ్మ ఎట్ల పంపించె?” లోపల్నుంచి మామా కేక. వెనక్కి తిరిగి అరబ్బీలో ఏదో చెప్పి, నాకేసి అయిదు వేళ్ళు చూపించింది. అయిదు నిమిషాలు.

ఫోటో తీసి చూపించాను. “ఇవి... వీటిలో y ఉండాలక్కా. రెండు బ్రాకెట్లలోనూ చివర.”

“తెల్సు పాపా.”

“తెలుసా?”

“ఆ పొద్దే తెల్సు. మళ్లా గుణిస్తే y రాకపాయె. ఏందబ్బా ఇది అనుకోనే గదా నీకు పంపించింది. నువ్వు కరెక్ట్ అంటివి.”

“గుణిస్తే రాలేదు కదా... మరి?”

“రాలేదు. కానీ నేను తొమ్మిదితో నిలిపినదాన్ని. నువ్వు కాన్మెంట్లో సదివినదానివి. ఇంగ్లీషులో ఇట్లనే రాస్తారేమో, నాదే పాత పద్ధతేమో అనుకుంటి. అప్పట్నుంచి అన్నీ అట్లనే చేస్తి.” చీర కొంగుకి చేతులు తుడుచుకుంది. “పరీక్షలో సున్నా వస్తానే అర్థమైపాయె, నీగ్గూడా తెలీదని. అమ్మకు చెప్పలేదులే. నిన్ను అరుస్తాదని.”

నోట్‌బుక్కు ఆమె చేతికిచ్చాను.

“అవునక్కా. నేనూ చూసుకోలేదు.”

“పోనీలే. నీకు మాత్రం ఎన్నని ఉంటాయి తలకాయలో.” నా ముంజేయి పట్టుకుని ఊపింది. నన్ను చూసి జాలి పడుతోంది. నన్ను.

గేటు మెట్టు మీద కూర్చుని ఒక్క లెక్క ఇచ్చాను. 2x² + 7xy + 3y². నేను పెన్ను మూత తీసేలోపల చెప్పేసింది. (2x + y)(x + 3y). రెండు y లతో సహా. అప్పుడు కూడా — ఆ గేటు దగ్గర కూడా — కుళ్ళు పుట్టింది.

“పద్నాలుగున వస్తావు కదా?”

“అదే పాపా... పోయిన వారమే మామాకు సెలవొద్దని చెప్పేస్తి. ఆ పొద్దు వీళ్ళింట్లో విందు పెట్టుకున్యారు. నలభైమంది. ఇప్పుడు మళ్లా అడగాల.” లోపల్నుంచి “యల్లా!” అని కేక. ఆమె లేచింది. “అడుగుతాలే. అమ్మకు చెప్పు, అడుగుతానని.”

అక్టోబరు 8

అమ్మకి చెప్పాను. వంటింట్లో, ఆవిడ వంకాయలు తరుగుతుంటే.

“అసలెందుకు మానేద్దామనుకుందట?”

“తొందర్లో y మర్చిపోయింది. సున్నా వచ్చేసరికి భయపడింది.”

“నువ్వెళ్ళి చెప్పొచ్చేవా అంత దూరం? ఒక్కదానివీ?” కత్తి పక్కన పెట్టింది. తడి చెయ్యి నా నెత్తి మీద పెట్టింది. “మా బుజ్జి.”

నేను కదల్లేదు. ఆ చెయ్యి తీసేదాకా.

అక్టోబరు 10, శుక్రవారం

రెండయింది. రెండున్నర. రాలేదు. ఫోన్ కూడా లేదు. మామా ఒప్పుకుందో లేదో, ఆమె అడిగిందో లేదో తెలియదు. పరీక్ష మంగళవారం.

పందొమ్మిదిన ఫోటో రాగానే నేను ముందు టైప్ చేసింది ‘y ఏది?’ అని. పంపకుండా చెరిపేశాను.