సాల్మన్ చేపలు వాగెక్కే దారి

గనుల అనుమతుల అధికారి గారి సముఖమునకు, అలాస్కా, తునాక్ సరస్సు కాపురస్తురాలు అగ్రఫేనా కోస్తిలెవ్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: చేపలు వాగెక్కే రోజుల్లో బంగారు గని డ్రిల్లింగు నిలిపించుట గురించి.

1. మా సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఈదుకుంటూ వచ్చి, సరస్సులో కలిసే వాగులో గుడ్లు పెట్టును. ఆ చేపలను పట్టి, పొగలో ఎండబెట్టి దాచుకుని మేము చలికాలం గడుపుదుము. ఆ వాగు పక్కనే కంపెనీ వారు బంగారం కోసం బోర్లు వేయుచున్నారు. నేను గనికి విరోధిని కాను. మా తమ్ముడు నికీఫోర్ అక్కడే కాపలాదారు. మా పడవలో పెట్రోలు అతని జీతంలోనిదే.

2. ఈ వేసవిలో కంపెనీ వారు వాగు మొగలో "ప్రవేశం నిషిద్ధం" అని బోర్డు పెట్టిరి. చేపలకు చదువు రాదు గనుక లోపలికి పోయినవి. చదువు వచ్చిన నేను కూడా వాటి వెనుకనే పోయితిని. వల విప్పుచుండగా తమ్ముడు అడ్డుపడెను.

"అక్కా, నువ్వు వలేస్తే నా ఉద్యోగం పోద్ది."

"వెయ్యకపోతే చలికాలం ఏం తింటావురా? నీ బోర్డు ఉడకబెట్టి పెట్టనా?"

3. అంతలో పైనుంచి డ్రిల్లింగు బురద దిగి, నీరు పాలు పోసిన టీలా మారెను. చేపలు గుంపుగా వెనుదిరిగినవి. నేను తిట్టడం మరిచిపోయాను. తమ్ముడు పైకి పోయి తానే డ్రిల్లింగు ఇంజను ఆపెను. ఇంజనీరు హార్గన్ గారు పరుగున వచ్చి, ఎవరు ఆపమన్నారని నిలదీసిరి.

తమ్ముడు వాగు వైపు చూపి, "వాళ్ళు పైకి పోవాలి సార్. కాస్త దారివ్వండి" అనెను.

హార్గన్ గారు మంచివారు. నీరు తేరేదాకా గట్టు మీదే నిలబడిరి. గుడ్లు పెట్టే వేళకు ఎర్రబడిన చేపలు మళ్ళీ బారులు తీరుట చూసి, గుడ్లు పెట్టుట అయ్యేవరకు ఇంజను ముట్టవద్దనిరి.

4. అయితే అది నోటిమాట. వచ్చే వేసవికి వేరే ఇంజనీరు రావచ్చును. ఆయనకు డబ్బాలోని చేప తప్ప వేరే చేప తెలియకపోవచ్చును. కావున చేపలు వాగెక్కే రోజుల్లో డ్రిల్లింగు ఆపవలెనని, గులకరాళ్ళ కింద గుడ్లున్న వాగులోకి బురద ఎన్నడూ వదలరాదని అనుమతి పత్రంలోనే రాయించవలెను. తక్కిన రోజుల్లో తవ్వుకొనవచ్చును. బంగారం ఎక్కడికీ ఈదుకుంటూ పోదు గదా.

5. నా మీద కంపెనీ వారిచ్చిన అతిక్రమణ ఫిర్యాదు కొట్టివేయ ప్రార్థన. కానిపక్షమున చేపల మీద కూడా పెట్టించవలెను. ముందు దూరినవి అవే.

పై సంగతులు చిత్తగించవలెను. చేపలు మళ్ళీ వచ్చేలోగా చిత్తగించినచో మరీ మేలు.

తమ విధేయురాలు,
అగ్రఫేనా కోస్తిలెవ్

మరొక మాట: తమ్ముడు తానూ సంతకం పెడతానని కూర్చున్నాడు. కంపెనీ టోపీ తీసి సంతకం పెట్టరా అన్నాను. తీశాడు, సంతకం చేశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. పొద్దున్నే డ్యూటీ ఉంది.