మిగిలిన పోగు

తోడి, ఇటలీ
14 అక్టోబరు 2025, మంగళవారం

ఈరోజు పనులు: రెండు చీరలు, వదినగారి చుడీదారు ఉతికి కిటికీకి ఆరేయడం, అయింది. కుక్కర్లో అన్నం, అయింది. వదినగారి బీపీ మాత్ర, నా మోకాళ్ళకి నూనె, అయ్యాయి. ఎక్కిన మెట్లు నాలుగువందల పన్నెండు. అన్నయ్యకు ఉత్తరం, ఇదిగో.

అన్నయ్యకి కోటిరత్నం నమస్కారాలు. ఇక్కడ నేనూ, మా ఆడపడుచు ఝాన్సీలక్ష్మి వదినగారూ కులాసా. తెనాలిలో మీ బావగారూ కులాసాయే. పప్పులో ఉప్పెంత వెయ్యాలని రోజూ ఫోన్ చేసి అడుగుతున్నారంటే వండుకుని తింటున్నట్టే కదా. రేపల్లెలో మీరందరూ క్షేమమని తలుస్తాను. ఫోన్లో నీకు సరిగా వినపడదు. అయినా ఇది అరిచి చెప్పే సంగతి కాదు, అందుకే కాగితం పట్టాను.

బయల్దేరే ముందురోజు అందిన నీ ఉత్తరం బ్యాగులోనే ఉంది. అడిగినవాటికి వరసగా చెబుతాను.

"ఈ వయసులో కొండలెక్కడం ఏంటే?" అన్నావు. ఇది వదినగారి పంతం అన్నయ్యా. ముప్పై ఏళ్ళు పిల్లలకు డ్రాయింగ్ చెప్పిందా, ఇక్కడి బొమ్మలన్నీ పుస్తకాల్లో చూడటమే. రిటైరయ్యాక ఒక్కసారైనా కళ్ళారా చూస్తానంది. వంటకీ లెక్కలకీ మనిషి కావాలని నన్ను లాక్కొచ్చింది. మన డెల్టాలో ఎత్తంటే రైల్వే బ్రిడ్జే. ఇక్కడ ఊళ్ళన్నీ కొండల నెత్తిన కూర్చుని ఉంటాయి. కింద టైబర్ అనే నది. మన కాలువకి అన్నలా ఉంటుంది, అంతే. దాని వెంట బస్సులో పోవడం, దిగడం, ఎక్కడం. పెరూజా, అసిసీ అయ్యాయి, ఇప్పుడు తోడిలో ఉన్నాం. మోకాళ్ళు మాట వింటున్నాయి.

"చర్చిలోకి చెప్పులు విప్పి వెళ్ళాలా?" అనడిగావు. ఎవరూ విప్పరు. నాకే మనసొప్పక గుమ్మం బయట వదిలేస్తున్నాను. మొన్న ఒక చర్చిలో తాళాలు చూసే ముసలామె నా చెప్పులు చేత్తో తీసుకొచ్చి లోపల బల్ల కింద పెట్టింది. సిగ్గేసింది. వదినగారు నవ్వి, "పెద్దావిడ చేత చెప్పులు మోయించావు, ఇక నీకు స్వర్గమే" అంది.

నాన్న మగ్గం గురించి నువ్వు రాసినదానికి ఇప్పుడు చెబుతాను. అది చెప్పాలంటే నిన్నటి సంగతి చెప్పాలి.

నిన్న తోడికి వచ్చే దారిలో ఒక చిన్న ఊళ్ళో ఆగాం. పది ఇళ్ళు, ఒక చర్చి. పైకి చూస్తే మన గోడౌనులా ఉంది. లోపల గోడంతా బొమ్మ. యేసు ప్రభువు శిష్యులతో చివరిసారి భోజనానికి కూర్చున్నది. ఆరేడు వందల ఏళ్ళ నాటిదట. వదినగారు మొహాలు చూస్తూ కళ్ళు తుడుచుకుంటోంది. నేను మాత్రం బల్లమీద పరిచిన గుడ్డ దగ్గర ఆగిపోయాను. తెల్లటి నూలుగుడ్డ, చివర్లకి నీలం పట్టీలు. ఈ ప్రాంతం నేతేనట. అచ్చం నాన్న నేసిన తువ్వాలే.

"ఏమే కోటీ, దేవుణ్ణి చూడమంటే దుప్పటి చూస్తావేంటి?"

"దీంట్లో ఒక పోగు పోయింది వదినగారూ. చూడండి, ఈ చివర నుంచి ఆ చివరకి సన్నగా గీత."

"అది గోడ పగులే. పాతగోడ."

"పగులైతే గుడ్డ దాటి గోడమీదకీ పోవాలి కదండీ? ఇది గుడ్డతోపాటే ఆగిపోయింది. మడతపడ్డ చోట మడతతోపాటే వంగింది."

ఆవిడ కళ్ళజోడు మార్చుకుని చాలాసేపు చూసింది. "నేతపిల్లవి అనిపించుకున్నావే" అంది. తర్వాత మెల్లిగా, "బొమ్మ గీసినవాడు గుడ్డ ఎలా ఉందో అలాగే వేశాడు. దిద్దాలనుకోలేదు" అంది.

నేను వెళ్ళి బెంచీమీద కూర్చున్నాను. ఎండకని మంచినీళ్ళిచ్చింది వదినగారు. ఎండ కాదన్నయ్యా.

అప్పుడు నీకు పద్దెనిమిది, నాకు పదకొండు. అమ్మకు జ్వరం. మగ్గంమీది పాత పడుగు కొసలకి కొత్త పడుగు అతకాల్సింది అమ్మ, కూర్చున్నది నేను. ఒక్కో పోగునీ పట్టి మెలిపెట్టి అతుకుతూ పోయాను. అంతా అయ్యాక చూస్తే ఒక పోగు మిగిలింది. ఒక్కటే. మధ్యలో ఎక్కడో ఒక పాత కొస అతక్కుండా వదిలేశానన్నమాట. మళ్ళీ వెతికితే సాయంత్రమవుతుంది, నాన్న వచ్చి చూస్తే తిడతాడు. ఆ పోగు పంటితో కొరికి మగ్గం గుంటలో పారేశాను.

నువ్వు ఆ పడుగంతా నేశావు. తెల్లగుడ్డలో ఒక తెల్లపోగు లేకపోతే నేసేవాడికి కనపడదు. బాపట్లలో షావుకారు గుడ్డని వెలుతురుకెత్తి, నాన్న మొహాన పడేశాడు. నాన్న ఇంటికొచ్చి నిన్నన్న మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. "నీది మగ్గానికి రాసిపెట్టిన చెయ్యి కాదురా. పో, ఎక్కడైనా గుడ్డలు కొలుచుకో." నెల తిరక్కుండా నిన్ను రేపల్లె బట్టలకొట్లో పెట్టాడు. నువ్వు ఎదురు చెప్పలేదు. తెగిన పోగు నేనే చూసుకోలేదేమో అనుకున్నావు. ఇప్పటికీ అదే అనుకుంటున్నావు.

మొదటి జీతంతో నువ్వు నాకు లెక్కలు రాసుకునే పుస్తకం ఒకటి కొన్నావు, గుర్తుందా? దాని మొదటి పేజీలో "అన్నయ్యకు ఒక మాట బాకీ" అని రాసుకున్నాను. పుస్తకం అయిపోయినప్పుడల్లా కొత్తదాంట్లోకి అదే ముందు ఎత్తి రాస్తాను. పెళ్ళైన కొత్తలో మీ బావగారు చూసి, "ఏంటది, అప్పా?" అన్నారు. అవునండి అన్నాను. నలభై ఒక్క ఏళ్ళు మోశాను. మిగతా లెక్కలు పైసా తేడా లేకుండా ఉండేది కూడా ఆ మిగిలిన పోగు భయంతోనే.

పేరాలలో బాబాయి వాళ్ళ వరండాలో ఉన్న నాన్న మగ్గాన్ని కార్తీక పౌర్ణమి వెళ్ళాక వడ్రంగికి ఇచ్చేస్తానని రాశావు. "నా చేతికి రానిది నాకెందుకు" అన్నావు. నీ చేతికి రాలేదన్నది అబద్ధం అన్నయ్యా. ఆ గుడ్డలో నువ్వు నేసినదాంట్లో తప్పు లేదు. తప్పు నేను అతికినదాంట్లో ఉంది. ఇది తెలిశాక కూడా ఇచ్చేస్తానంటే ఇచ్చెయ్యి, అడ్డురాను. తెలియకుండా మాత్రం ఇవ్వకు.

నువ్వు ఉంచుతానంటే ఈ నెలాఖరున వచ్చి పడుగు అతకడానికి నేనే కూర్చుంటాను. ఈసారి రెండుసార్లు లెక్కపెట్టుకుంటాను. కోపమొస్తే వచ్చినప్పుడు తిట్టు, కానీ అన్నం పెట్టాక తిట్టు.

వదినగారు గోడకేసి తిరిగి పడుకుని, "ఇంకా రాస్తున్నావా, నవలా అది?" అంటోంది. రేపు పొద్దున్నే స్టాంపులు కొని పోస్టు డబ్బాలో వేస్తాను.

ఇట్లు,
నీ మగ్గానికి నూలు కండెలు చుట్టిన చెల్లెలు,
కోటిరత్నం

పుస్తకంలో ఈరోజు చివరి పద్దు: రామకోటి అన్నయ్యకు ఒక మాట. చెల్లు.